పురుషుల జననాంగ పులిపిర్లు: చికిత్సా చరిత్ర

సూరత్‌ను ఆనుకుని తపతీ ముఖద్వారాన ఉన్న హజీరాలో ఎరువులు, ఉక్కు, గ్యాస్ కర్మాగారాలు, ఓడరేవు ఉన్నాయి. ఇక్కడి కార్మికుల్లో ఇల్లూ ఊరూ విడిచి వచ్చిన మగవాళ్లు ఎక్కువ. సూరత్ మగ్గాల మీద బతికే తెలంగాణ పద్మశాలి కుటుంబాలూ ఈ చుట్టుపక్కలే ఉంటాయి. ఇలాంటివాళ్లకు మర్మావయవం మీద మొలిచిన పులిపిరిని డాక్టరుకు చూపించడమే కష్టం. పరాయి భాషలో చెప్పుకోవడం మరీ కష్టం. ఈ జబ్బు ముదరడానికి హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) ఎంత కారణమో సిగ్గూ అంతే కారణం.

సుఖవ్యాధులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ‘సురక్ష’ క్లినిక్‌లున్నాయి. లక్షణాన్ని బట్టి అక్కడ ఏడు రంగుల మందుల కిట్లు ఇస్తారు: మూత్రనాళంలో స్రావానికి బూడిద రంగుది, హెర్పిస్‌కు ఎర్రది. పులిపిర్లకు మాత్రం కిట్ లేదు. మింగే మాత్రలతో అవి రాలవు.

సుశ్రుత సంహిత నిదానస్థానంలోని అర్శస్సుల (మొలల) అధ్యాయం పురుషాంగంపై మొలిచే మాంసాంకురాలను ప్రస్తావిస్తుంది. అవి నేటి పులిపిర్లేనని ఖాయంగా అనలేం. కానీ అర్శస్సులకు చికిత్సాస్థానం చెప్పిన నాలుగు మార్గాలు, ఔషధం, క్షారం, అగ్ని, శస్త్రం, నేటి క్లినిక్‌లోనూ కనిపిస్తాయి. మనవాళ్లు పులిపిరికి సున్నం పెట్టడం, అగరుబత్తితో కాల్చడం ఈ దారిలోనివే. జననాంగం దగ్గర అలా ఎన్నడూ చేయకూడదు. లేత చర్మం పుండై మచ్చ మిగులుతుంది.

ఆధునిక చికిత్సకు 1942 మలుపు. ఆ ఏడాది అమెరికా వైద్యుడు కాప్లన్ పోడోఫిలిన్ అనే మొక్క జిగురు ఈ పులిపిర్లపై పనిచేస్తుందని ప్రకటించాడు. ఆ జాతి మొక్క మన హిమాలయాల్లోనూ ఉంది. వేర్ల కోసం విపరీతంగా తవ్వడంతో అక్కడ అరుదైపోయింది. పోడోఫిలిన్ పూసేటప్పుడు చుట్టూ ఉన్న చర్మానికి వాజలిన్ రాసి, పులిపిరికి మాత్రమే పలచగా మందు అద్ది, ఆరనిచ్చి, ఒకటి నుంచి నాలుగు గంటల్లో కడిగేయాలి. ఎక్కువ పూస్తే ఒంట్లోకి ఇంకి నరాలకు విషమవుతుంది. ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లం అద్దితే పులిపిరి చూస్తుండగానే తెల్లబడుతుంది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం మరో పద్ధతి. గుత్తులుగా పెరిగినవాటిని మత్తుసూది ఇచ్చి కరెంటుతోనో లేజర్‌తోనో కాలుస్తారు, లేదా కోసి తీసేస్తారు. కాల్చేటప్పుడు వచ్చే పొగలోనూ వైరస్ డీఎన్‌ఏ కనిపించింది కాబట్టి వైద్యులు మాస్కు వేసుకోవాలి.

ఇంట్లో రాసుకునే మందులు తర్వాత వచ్చాయి. పోడోఫిలోటాక్సిన్‌ను మూడు రోజులు రాసి నాలుగు రోజులు ఆపాలి. 1997లో అమెరికాలో అనుమతి పొందిన ఇమిక్విమోడ్ పులిపిరిని కాల్చదు, రోగనిరోధక శక్తిని రెచ్చగొడుతుంది. సుశ్రుతుడి క్షారం, అగ్ని, శస్త్రాల దారిలో ఇది ఇమడదు.

ఈ జబ్బు లైంగికంగా అంటుతుందని గట్టిగా తేలింది 1954లో, కొరియా యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికుల భార్యలకు పులిపిర్లు మొలిచినప్పుడు. 1980లో జర్మన్ శాస్త్రవేత్తలు గిస్మన్, త్సుర్ హౌసెన్ ఈ పులిపిర్ల నుంచే హెచ్‌పీవీ-6ను వేరుచేశారు. 6, 11 రకాలే సుమారు 90 శాతం పులిపిర్లకు కారణం; క్యాన్సర్ తెచ్చే రకాలు వేరు. పులిపిరి రాలినా వైరస్ చర్మంలో ఉండిపోవచ్చు, అందుకే తొలి మూడు నెలల్లో తిరిగి రావడం మామూలు. అది వైద్యుడి తప్పూ కాదు, భార్య ద్రోహమూ కాదు. మొలిచిందల్లా పులిపిరి కాదు: అంగశిఖ అంచున వరుసగా ఉండే ముత్యాల్లాంటి చిన్న బొడిపెలు సహజమైనవి, వాటికి వైద్యమే అక్కర్లేదు. సిఫిలిస్ బొడిపెలు కూడా పులిపిర్లలా కనిపిస్తాయి కాబట్టి సిఫిలిస్ రక్తపరీక్షతోపాటు హెచ్ఐవీ పరీక్షా చేయించాలి.

ఈ వైరస్‌ను అడ్డుకునే టీకా చరిత్రలో గుజరాతీలకూ తెలుగువాళ్లకూ ఒకే గాయం ఉంది. 2009లో వడోదరలోనూ ఖమ్మం జిల్లాలోనూ బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేశారు. కొందరు బాలికలు మరణించడంతో 2010లో కార్యక్రమం ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ సంఘం అభిప్రాయపడినా, అనుమతి తీసుకున్న తీరును పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో తీవ్రంగా తప్పుపట్టింది. ఆ విమర్శ న్యాయమైనదే. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావ్యాక్‌కు 2022లో అనుమతి వచ్చింది. 6, 11, 16, 18 రకాలను అడ్డుకునే ఈ టీకాను 9 నుంచి 26 ఏళ్ల మగవారికీ వేయవచ్చు. ఉన్న పులిపిర్లను ఈ టీకా మాన్పదు. వాటికి పూత, చలి, కరెంటు, కత్తి తప్పవు.