తగ్గించడమూ, తీర్చడమూ

డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే రోజుల్లో ఒక విద్యార్థి నన్నడిగాడు: “మాస్టారూ, బదిలీ అయిన ఉద్యోగిని రిలీవ్ చేశారంటారు. కరువొచ్చిన ఊళ్లకు రిలీఫ్ ఇచ్చారంటారు. రెండూ ఒకటేనా?” అప్పటికి సందర్భాన్ని బట్టి అర్థం మారుతుందని చెప్పి తప్పించుకున్నాను. దానికి జవాబు సగం నిఘంటువులోనూ, తక్కిన సగం చరిత్రలోనూ ఉందని తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది.

ముందు నిఘంటువు సంగతి. బాధను, భయాన్ని, అవసరాన్ని చల్లార్చడానికి ఇంగ్లీషులో డజనుకు పైగా క్రియలున్నాయి. పరీక్షల కోసం వాటిని పర్యాయపదాలుగా బట్టీపట్టిస్తాం. పుట్టుక చూస్తే అవి చేసే పనులు వేరు. రిలీవ్, అలీవియేట్ అనే రెండింటికీ మూలం లాటిన్‌లో ‘తేలిక’ అనే మాట. అంటే బరువును తేలిక చేస్తాయి. మిటిగేట్ మెత్తబరుస్తుంది. అస్వేజ్ చేదును తీపి చేస్తుంది. అలే అనేది పాత ఇంగ్లీషు మాట, లేచిన భయాన్ని కింద పడుకోబెడుతుంది. పాలియేట్‌కు మూలం పాలియం, రోమనులు కప్పుకునే పైవస్త్రం. కనక అది గాయం మీద బట్ట కప్పుతుంది. ఎంత చేస్తే చాలుతుందని అడిగే క్రియ వీటిలో సాటిస్‌ఫై ఒక్కటే. ‘చాలినంత చెయ్యడం’ అని దాని మూలార్థం.

ఇక చరిత్ర. పేదల ఆకలి విషయంలో ఇంగ్లండు పాలకవర్గం వీటిలో దేన్ని ఎంచుకుంది? మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, 1601లో వచ్చిన పేదల చట్టం పేరులోనే రిలీఫ్ ఉంది. 1834లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు ఈ మాటకు కొలత కూడా ఏర్పడింది. సహాయం పొందేవాడి స్థితి, స్వతంత్రంగా బతికే అట్టడుగు కూలివాడి స్థితి కంటే మెరుగ్గా ఉండకూడదన్నది ఆ చట్టం వెనకనున్న సూత్రం. వర్క్‌హౌసులు ఆ సూత్రానికి కట్టిన గోడలు. పేదల అర్జీలను విచారించే అధికారిని రిలీవింగ్ ఆఫీసరన్నారు.

ఈ మాటే ఓడెక్కి మన దేశానికి వచ్చింది. 1876–78 కరువులో, మనవాళ్లు ధాత కరువని పిలిచిన ఆ కాలంలో, బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోయాయి. వైస్రాయి లిట్టన్ 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు. రిలీఫ్ పనుల్లో రోజంతా కష్టపడే మగకూలికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని టెంపుల్ తేల్చాడు. పౌనంటే సుమారు 450 గ్రాములు. ఈ టెంపులే 1873–74లో బీహారు కరువులో ధారాళంగా ఖర్చుపెట్టి, పైవాళ్ల చేత చీవాట్లు తిన్నవాడు. మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ అతనితో వాదానికి దిగాడు. పనిచేసే మనిషికి కనీసం ఒకటిన్నర పౌన్ల ధాన్యం, దానితో పాటు పప్పూ కూరగాయలూ కావాలన్నాడు. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం కొంత దిగివచ్చి ఒకటింపావు పౌను చేసింది.

ఆ వాదాన్ని నేను మాటల వాదంగానే చదువుతాను. ఒకరు ఎంతలో తేలికవుతుందని అడిగారు, మరొకరు ఎంతైతే చాలుతుందని అడిగారు. ఆ రెండు క్రియల మధ్య దూరం అర పౌను ధాన్యం. ఆ అర పౌనులో ప్రాణాలున్నాయి. దేశం నుంచి ధాన్యం ఎగుమతులు ఆ ఏళ్లలోనూ ఆగలేదు. ఆ తర్వాత 1880లో కరువు కమిషన్ నివేదిక, 1883లో కరువు నియమావళి వచ్చాయి. వాటిలోనూ రిలీఫే నిలిచింది.

ఇప్పుడు మన భాష సంగతి. రిలీఫ్‌ను మనం సహాయమనీ, ఉపశమనమనీ అనువదించాం. రెండూ ఇచ్చేవాడి వైపు నుంచి పలికే మాటలే. జనం నోట మరొక క్రియ ఉంది: తీర్చడం. ఆకలి తీర్చడం, దాహం తీర్చడం, తగవు తీర్చడం, అప్పు తీర్చడం. అప్పునూ ఆకలినీ మనం ఒకే క్రియతో ముగిస్తాం. ఇంగ్లీషులోనూ ఇలాంటి చుట్టరికం ఒకటుంది. చెల్లించడమనే అర్థమున్న పే, శాంతింపజెయ్యడమనే అర్థమున్న అపీజ్, రెండూ లాటిన్‌లో శాంతికున్న మాట నుంచే వచ్చాయి. అప్పులవాడిని శాంతింపజెయ్యడమే చెల్లింపు. అక్కడ ఆ బంధుత్వం పూడిపోయింది, మన దగ్గర ఇంకా వాడుకలో ఉంది. అలాగని తెలుగు నిర్దోషి అనడం లేదు. బుజ్జగించడం, సముదాయించడం కూడా మన మాటలే. పాలకులకు అవి బాగా పనికొచ్చాయి.

అనువాదకులు, కథకులు కలం ఆపి ఆలోచించవలసింది ఇక్కడే. ఆకలిని తగ్గించారని రాస్తే అది దాత కథ అవుతుంది. తీర్చారా లేదా అని రాస్తే, అది బాకీ లెక్క అవుతుంది.

ఆ విద్యార్థికి ఇవాళైతే ఇలా చెప్తాను: “ఒకటే నాయనా. రిలీవైన ఉద్యోగి చేతికి కాగితం వస్తుంది, ఆ పని మాత్రం అదే బల్ల మీద ఉంటుంది. 1877లో రిలీఫ్ శిబిరం నుంచి బయటికొచ్చిన కూలి వెంట అతని ఆకలీ అలాగే బయటికొచ్చింది.”