పిల్లలు కొన్న అడవి

మా అమ్మాయి రెండో తరగతి. పోయిన నెల బళ్ళో ఒక కవరిచ్చి పంపారు, ఏనుగుల సంరక్షణకి విరాళం వేసి తెమ్మని. పుట్టినరోజుకి అమ్మమ్మ ఇచ్చిన డబ్బులోంచి 50 రూపాయలు తీసి అందులో పెట్టి, కవరు అంటించి, "నాన్నా, ఈ డబ్బు ఏనుగు దగ్గరికి ఎలా వెళ్తుంది?" అని అడిగింది. నేను చేసేది బ్యాంకు లావాదేవీల సాఫ్ట్‌వేర్ పని. ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకి రూపాయి ఎలా చేరుతుందో మెట్టు మెట్టుగా చెప్పగలను. ఏనుగు దాకా మాత్రం చెప్పలేకపోయాను.

ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ చదివిన చరిత్ర ఇది. పిల్లలు జంతువుల కోసం డబ్బు పోగుచేసిన సందర్భాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఆ డబ్బు ఎక్కడికి వెళ్ళిందో, ఏం చేసిందో, ఏం చేయలేకపోయిందో బాగా తెలిసిన కథ ఒకటుంది. అది 1987లో స్వీడన్ లోని ఒక బడిలో మొదలై మధ్య అమెరికాలోని కోస్టారికాకి చేరింది. కానీ ఆ డబ్బు చేరిన చోటు గురించి తెలియాలంటే ఇంకా వెనక్కి, 1951కి వెళ్ళాలి.

అమెరికా 1948లో యువకులందరూ సైన్యం కోసం పేరు నమోదు చేసుకోవాలని చట్టం చేసింది. అలబామాలోని ఫెయిర్‌హోప్ లో ఉండే క్వేకర్లు యుద్ధానికి దూరంగా ఉండే మతస్థులు. వాళ్ళలో నలుగురు పేరివ్వమని మొండికేసి జైలుకి వెళ్ళారు. బయటికొచ్చాక కొన్ని కుటుంబాలు కలిసి దేశమే వదిలేద్దామనుకున్నాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1948 డిసెంబరులో, కోస్టారికా తన సైన్యాన్ని రద్దు చేసుకుంది. వీళ్ళకి అంతకంటే ఏం కావాలి? 1951లో తిలరాన్ పర్వతాల మీద సుమారు 1,400 హెక్టార్లు కొనుక్కుని, ఆ ఊరికి మోంటెవెర్దె, అంటే పచ్చకొండ, అని పేరు పెట్టుకున్నారు.

వాళ్ళు ప్రకృతి ప్రేమికులై అక్కడికి వెళ్ళలేదు. అడవి కొట్టి పచ్చిక పెంచారు, ఆవుల్ని మేపారు, చీజ్ ఫ్యాక్టరీ పెట్టారు. కాకపోతే వాగులకి నీళ్ళెక్కడినుంచి వస్తున్నాయో వాళ్ళకి అర్థమైంది. కొండ నెత్తిన ఎప్పుడూ మబ్బు కమ్ముకుని ఉండే అడవిలోంచి వస్తున్నాయి. అందుకని తాము కొన్నదాంట్లో దాదాపు మూడో వంతు, పైనున్న అడవిని, ముట్టుకోకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు.

ఆ మబ్బు అడవిలో ఒక గోదురుకప్ప ఉండేది. మగది పూర్తిగా నారింజ రంగు, ఒక్క మచ్చ కూడా ఉండదు. 1960ల్లో దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసిన జే సావేజ్, మొదటిసారి చూసినప్పుడు ఎవరో దాన్ని రంగులో ముంచి తీశారేమోనని అనుమానపడ్డాడు. ఏడాదిలో కొద్ది రోజులు, వానలు మొదలయ్యే ఏప్రిల్, మే నెలల్లో, చెట్ల వేళ్ళ మధ్య నిలిచిన నీటిగుంటల దగ్గరికి వందల సంఖ్యలో వచ్చి జతకట్టేవి. మిగతా ఏడాదంతా కనపడవు. ప్రపంచం మొత్తంలో ఆ కొండకొన మీద కొద్ది చదరపు కిలోమీటర్ల మేర తప్ప ఇంకెక్కడా లేవు. 1972లో జార్జ్ పవెల్ అనే పరిశోధక విద్యార్థి, స్థానికులు, ఉష్ణమండల శాస్త్ర కేంద్రం కలిసి ఆ శిఖరాన్ని రిజర్వుగా మార్చినప్పుడు, అందరికీ చూపించి ఒప్పించడానికి పనికొచ్చిన ప్రాణి ఈ బంగారు కప్పే.

శిఖరం సరే. కింది వాలుల సంగతి వేరు. 1940ల్లో కోస్టారికాలో దాదాపు ముప్పాతిక భాగం అడవి. 1980ల నాటికి అది పావు భాగానికి వచ్చేసింది. పశువుల మేత కోసం, మాంసం ఎగుమతి కోసం, భూమి తనదని చూపించుకోవడం కోసం కూడా చెట్లు కొట్టేవారు. 1986లో మోంటెవెర్దె వాసులు, జీవశాస్త్రవేత్తలు కలిసి ఒక సంరక్షణ సంఘం పెట్టుకున్నారు. చుట్టుపక్కల మిగిలిన అడవిని కొనాలన్నది వాళ్ళ ఆలోచన. కొనడానికి డబ్బు లేదు.

ఇక 1987. స్వీడన్ లో ఫాగెర్విక్ అనే చోట చిన్న పల్లెబడి. ఏహా కెర్న్ అనే టీచరు ఒకటీ రెండూ తరగతుల పిల్లలకి వర్షారణ్యాల గురించి చెబుతోంది. తాము పెద్దయ్యేసరికి ఆ జంతువులు ఉంటాయో ఉండవోనని పిల్లలకి దిగులు పట్టుకుంది. రోలాండ్ తియెన్సు అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడు మనమేం చేయొచ్చని అడిగాడు. మాటల్లో అడవిని కొనేస్తే సరి కదా అన్న ఆలోచన తేలింది. అడవి ఎక్కడ అమ్ముతారో టీచరుకీ తెలియదు. ఆ సమయానికి మోంటెవెర్దెలో పనిచేసిన షారన్ కిన్స్‌మన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త స్వీడన్ లో ఉంది. ఆవిడ బడికి వచ్చి స్లైడ్లు చూపించింది, అక్కడ కొనడానికి అడవి ఉందని చెప్పింది.

పిల్లలు పాటలు కట్టారు, నాటికలు వేశారు, బొమ్మలు గీసి అమ్మారు, సంత పెట్టారు. మొదటి విడత డబ్బుతో వచ్చింది కొద్ది హెక్టార్లే. కెర్న్, ఆమె భర్త కలిసి 'బార్నెన్స్ రేన్‌స్కూగ్', అంటే పిల్లల వర్షారణ్యం, అనే సంస్థ పెట్టారు. ఒక బడి నుంచి ఇంకో బడికి పాకి, స్వీడన్ దాటి బ్రిటన్, అమెరికా, జపాన్, జర్మనీలకి వెళ్ళింది. మొత్తం 44 దేశాల పిల్లలు డబ్బు పంపారంటారు. 1991లో కెర్న్ కీ రోలాండ్ కీ కలిపి గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. ఇవాళ 'పిల్లల శాశ్వత అరణ్యం' సుమారు 23,000 హెక్టార్లు. కోస్టారికాలో ప్రైవేటు రిజర్వుల్లో అదే పెద్దది.

మరి మా అమ్మాయి ప్రశ్న? ఆ డబ్బు నేరుగా జంతువు దగ్గరికి వెళ్ళలేదు. రైతుల దగ్గరికి వెళ్ళింది. ఈ విషయం పిల్లలకి చెప్పే కథల్లో సాధారణంగా ఉండదు. శిఖరానికి అవతల పెన్యాస్ బ్లాంకాస్ అనే లోయ ఉంది. అక్కడ చిన్న రైతులు భూములు పట్టుకుని ఉన్నారు. 1977లో ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని రక్షిత మండలంగా ప్రకటించింది, చెట్లు కొట్టకూడదంది. కానీ వాళ్ళకి నష్టపరిహారం మాత్రం ఇవ్వలేదు. సాగు చేసుకోలేరు, అమ్ముకోలేరు. ఏళ్ళ తరబడి అలా ఇరుక్కుపోయిన వాళ్ళ భూముల్ని సంఘం కొన్నది. అడవుల్ని కాపాడిన చరిత్రల్లో మనుషుల్ని ఖాళీ చేయించిన అధ్యాయాలు చాలా ఉంటాయి. ఇక్కడ మాత్రం పిల్లల డబ్బు, ప్రభుత్వం ఎగ్గొట్టిన బాకీని తీర్చింది. అలా అమ్మినవాళ్ళందరూ సంతోషంగా అమ్మారని నేననను. కానీ ధర కట్టి కొనడానికీ, ఒట్టి గీత గీసి పొమ్మనడానికీ చాలా తేడా ఉంది.

ఇంతవరకూ శుభంగానే ఉంది. ఇప్పుడు కప్ప దగ్గరికి రావాలి.

పిల్లలు సంత పెట్టిన ఆ 1987లోనే, మార్తా క్రంప్ అనే శాస్త్రవేత్త శిఖరం మీద నీటిగుంటల దగ్గర 1,500కి పైగా బంగారు కప్పల్ని లెక్కపెట్టింది. ఆ ఏడు గుంటలు తొందరగా ఎండిపోయాయి. పెట్టిన గుడ్లలో దాదాపు అన్నీ పోయాయి. 1988లో ఆ ప్రాంతం మొత్తంలో కనిపించినవి పదీ పదకొండు. 1989 మే నెలలో ఒకే ఒక్క మగ కప్ప వచ్చింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఎవరికీ కనిపించలేదు. 2004లో అంతరించిపోయిందని ప్రకటించారు. అదొక్కటే కాదు, అక్కడ 30 చదరపు కిలోమీటర్ల పరిధిలో ఉండే 50 రకాల కప్పల్లో 20 రకాలు ఆ రోజుల్లోనే మాయమయ్యాయి.

ఎవరూ చెట్టు కొట్టలేదు. వేటాడలేదు. అది 15 ఏళ్ళుగా కాపలా ఉన్న అడవి. 1999లో అలన్ పౌండ్స్, ఆయన సహచరులు వాతావరణం వేడెక్కి మబ్బు పైకి జరగడమే దీని వెనక ఉందన్నారు. 2010లో చెట్ల కలపలోంచి పాత తేమ లెక్కలు తీసినవాళ్ళు, 1987 కరువు ఎల్ నీన్యో వల్ల వచ్చిందేనని, దీర్ఘకాలిక మార్పు కనిపించడం లేదని అన్నారు. కప్పల చర్మాన్ని పట్టే కైట్రిడ్ అనే బూజు ప్రపంచమంతా పాకుతోందని ఈలోపు తెలిసింది. ఇప్పుడు చాలామంది వేలు చూపించేది దానివైపే, కరువు తోడైందని కలుపుతూ. ఏదైనా, ఏ హెక్టారూ కొని ఆపగలిగింది కాదు.

ఇది చదివినప్పుడు నాకు మొదట కోపం వచ్చింది. పిల్లల చేత ఇంత చేయించి చివరికి ఇదా అని. "నీ డబ్బుతో ఒక ప్రాణిని కాపాడావు" అని పిల్లలకి చెప్పే వాక్యంలోనే అబద్ధం ఉందనిపించింది. తర్వాత మిగతా లెక్కలు చూశాక కోపం కాస్త తగ్గింది. క్వెట్జాల్ పక్షి శిఖరం మీద గూడు పెడుతుంది కానీ ఏడాదిలో కొన్ని నెలలు పళ్ళ కోసం కింది వాలుల అడవులకి దిగుతుందని పరిశోధనల్లో తేలింది. మూడు గంగడోళ్ళ గంటపిట్టదీ అదే దారి. శిఖరం ఒక్కటీ చాలదు, కింది అడవి కూడా కావాలి. అట్లాంటిక్ వైపు వాలులో ఆ కింది అడవినే పిల్లలు కొన్నారు. ఆనాడు మాయమైందనుకున్న ఆకుపచ్చ కళ్ళ కప్ప ఒకటి, 2000 తర్వాత, ఆ పిల్లల అడవిలోనే మళ్ళీ కనపడింది. వెతకడానికి అడవి మిగిలి ఉంది కాబట్టి కనపడింది.

కాబట్టి వాళ్ళు కొన్నది ప్రాణిని కాదు, చోటుని. ఆ చోటులో ఎవరు బతుకుతారో డబ్బు చెప్పలేదు. చోటు కొంటే పని అయిపోదు కూడా. వేటగాళ్ళు రాకుండా గార్డులు ప్రతిరోజూ నడవాలి, ప్రతినెలా వాళ్ళకి జీతమివ్వాలి. అడవి కొంటామంటే చందాలొస్తాయి, గార్డు జీతానికంటే రావు. తర్వాతి కాలంలో ఆ సంఘం నీటిని కాపాడినందుకు ఒక జలవిద్యుత్ కేంద్రం నుంచి రుసుము వసూలు చేసే ఏర్పాటు చేసుకుంది. క్వేకర్లు 1951లో వేసిన నీటి లెక్కే మళ్ళీ పనికొచ్చింది.

ఆ కవరు బడికి వెళ్ళిపోయింది. అమ్మాయికి ఈ కథ చెప్పాను, కప్పని దాచకుండా. కాసేపు మాట్లాడలేదు. "ఆ పిల్లలకి ఎవరైనా చెప్పారా?" అంది చివరికి. వాళ్ళిప్పుడు నాకంటే పెద్దవాళ్ళు, తెలిసే ఉంటుందన్నాను. మరుసటి రోజు బడికి ఫోన్ చేసి, కవర్లలో పోగైన డబ్బు ఏ పనికి వాడతారో పిల్లలకి చెప్పగలరా అని అడిగాను. కనుక్కుని చెప్తామన్నారు. మా అమ్మాయి రోజూ అడుగుతోంది.