వందేమాతరం పాడినందుకు యూనివర్సిటీ పోయింది: 1938 ఉస్మానియా స్టూడెంట్స్ కథ

ఓయూ ఆర్ట్స్ కాలేజీ ముందు ఫొటో దిగనివాళ్లు మనలో తక్కువే కదా. ఆ బిల్డింగ్ 1939 డిసెంబర్‌లో ఓపెన్ అయింది. దానికి ఏడాది ముందు ఆ యూనివర్సిటీ తన స్టూడెంట్స్‌నే వందల మందిని బయటికి పంపేసింది. అది కట్టడం చూసినవాళ్లు అందులో కూర్చుని చదువుకోలేకపోయారు.

అసలు అప్పటి చదువు ఎలా ఉండేదో ముందు చెప్తాను. 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పెట్టిన ఉస్మానియాలో పాఠాలన్నీ ఉర్దూలోనే. ఇంగ్లీష్ ఒక కంపల్సరీ సబ్జెక్ట్, అంతే. ఉర్దూలో సైన్స్ పుస్తకాలు లేవని 1917లోనే దారుల్ తర్జుమా అని ఒక అనువాద సంస్థ పెట్టారు. కెమిస్ట్రీ అంటే కీమియా, మ్యాథ్స్ అంటే రియాజీ. మెడిసిన్ కూడా ఉర్దూలోనే! మన దేశ భాషలో డిగ్రీ దాకా చదువు చెప్పడం గొప్ప పనే, కాదనను. కాకపోతే ఆ రాజ్యంలో ఎక్కువ మంది ఇళ్లలో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడ. ఇంట్లో ఒక భాష, క్లాసులో ఇంకోటి. మనవాళ్లు కష్టపడి దానికి అలవాటుపడ్డారు.

1938 నవంబర్ చివర్లో గొడవ మొదలైంది. హాస్టల్ ప్రార్థన గదిలో వందేమాతరం పాడొద్దన్నారు. పాడతామని వీళ్లు సమ్మెకి దిగారు. అది వరంగల్, గుల్బర్గా, ఔరంగాబాద్ కాలేజీలకీ పాకింది. పాడినవాళ్లని కాలేజీల నుంచి తీసేశారు. చదువు మధ్యలో ఉంది, రాజ్యంలో ఉన్నది ఒక్కటే యూనివర్సిటీ. ఇంట్లో ఏం చెప్తారు?

అప్పుడు తలుపు తీసింది నాగపూర్ యూనివర్సిటీ. వైస్ ఛాన్సలర్ టి.జె.కేదార్ వీళ్లకి సీట్లు ఇచ్చారు. కాజీపేట నుంచి బల్లార్షా మీదుగా రైలు ఉంది కాబట్టి వెళ్లడం వరకూ ఓకే. వెళ్లాక అసలు పరీక్ష. అది బ్రిటిష్ ఇండియా, అక్కడ పాఠాలు ఇంగ్లీష్‌లో. నిన్నటిదాకా కీమియా అని నేర్చుకున్నదంతా మళ్లీ కొత్త పేర్లతో మొదలుపెట్టాలి. బయట బజారులో మరాఠీ. తెలుగు మీడియం నుంచి బీటెక్ ఫస్టియర్‌కి వచ్చినవాళ్లకి ఈ బాధ నేను చెప్పక్కర్లేదు. మనకి యూట్యూబ్ అయినా ఉంది బ్రో!

అలా వెళ్లినవాళ్లలో హన్మకొండలో ఇంటర్ చదువుతున్న 17 ఏళ్ల కుర్రాడు ఒకడు. పేరు పి.వి.నరసింహారావు. అవును, మన పీవీనే. తర్వాత నాగపూర్‌లోనే లా కూడా చదివారు. ఇంకో విషయం, హరి నారాయణ్ ఆప్టే మరాఠీ నవలని 'అబల జీవితం' పేరుతో తెలుగులోకి తెచ్చింది ఆయనే. బజారులో వినిపించిన భాష పుస్తకం దాకా వచ్చిందన్నమాట.

1948లో నిజాం పాలన పోయాక ఉస్మానియా కూడా ఇంగ్లీష్ మీడియం అయింది. ఈసారి భాష మార్చుకోవాల్సింది అక్కడే ఉండి ఉర్దూలో చదువుతున్నవాళ్లు.

మీ తాతయ్యల్లో ఎవరైనా ఉర్దూలో డిగ్రీ చేసి ఉంటే, ఆ పాత సర్టిఫికెట్ ఇంట్లో ఉందేమో ఒకసారి అడగండి.