తేనెటీగల సహజ రక్షణ – సింగపూర్

సింగపూర్‌లోని ఆంగ్ మో కియోలో పూల మీద కనిపించే తేనెటీగల్లో పుట్టతేనెటీగ ఒకటి. 1970లలో పాత రబ్బరు తోటల నేలలో వెలసిన ఈ పేటలో, చెట్టు తొర్ర దొరక్కపోతే అది గోడ సందులోనైనా పట్టు పెడుతుంది.

తేనెటీగలను పీడించే వరోవా నల్లికి మొదటి ఆతిథేయి ఈ ఈగే. 1904లో జావాలో దీని మీద దొరికిన నల్లికి డచ్ శాస్త్రవేత్త ఔడెమాన్స్ పేరు పెట్టాడు. యూరప్ తేనెటీగను ఆసియాకు తెచ్చాక నల్లి దానికీ అంటుకుని లోకమంతా పాకింది. ఆ విధ్వంసకారి జావా నల్లి కాదు, వేరే జాతి అని 2000లో ఆండర్సన్, ట్రూమన్ తేల్చి, వరోవా డిస్ట్రక్టర్ అన్నారు.

పుట్టతేనెటీగ మాత్రం నల్లితో వేల ఏళ్ళుగా వేగుతోంది. ఒంటి మీద నల్లి పాకితే కాళ్ళతో దులుపుకుంటుంది. అందని చోట ఉంటే ఒళ్ళు వణికిస్తుంది. తోటి ఈగలు వచ్చి దవడలతో పట్టి లాగేస్తాయి. ఈ ఈగ పట్టులో నల్లి పిల్లలు పెరిగేది దాదాపుగా పోతుటీగల గదుల్లోనే. ఒకే గదిలో నల్లులు ఎక్కువైతే లోపలి పోతుటీగ గట్టి మూతను తెరుచుకోలేక చచ్చిపోతుంది. కూలి ఈగలు ఆ మూత జోలికి పోవు. నల్లులు అక్కడే సమాధి అవుతాయి.

యూరప్ ఈగకు ఈ నేర్పు తక్కువ. అందుకే పెంపకందార్లు పోతుటీగల పట్టును కోసి తీసేస్తారు. ఫార్మిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు, వాములో ఉండే థైమాల్ వాడతారు. ఆక్సాలిక్ ఆమ్లం మూసిన గదుల్లోకి చొరదు, ఫార్మిక్ ఆవిరి చొరుతుంది. కొండతేనెటీగ నుంచి వచ్చిన మరో పీడ ట్రోపిలేలాప్స్ నల్లి పిల్ల పురుగులు లేకుండా కొద్ది రోజులే బతుకుతుంది. రాణిని కొన్నాళ్ళు పంజరంలో ఉంచి గుడ్లు ఆపితే అదీ తగ్గుతుంది.

ఆంగ్ మో కియోలో పొలాలు లేవు, అయినా పురుగుమందు భయం ఉంది. దోమల కోసం వదిలే పొగలోని పైరెత్రాయిడ్లు తేనెటీగలకూ విషమే. 2016లో సింగపూర్ వోల్బాకియా బ్యాక్టీరియా ఉన్న మగదోమలను వదిలి చూడడం మొదలుపెట్టింది. వాటితో కలిసిన ఆడదోమల గుడ్ల నుంచి పిల్లలు రావు. తేనెటీగకు హాని ఉండదు. ఇంటి గోడకు పట్టు పెడితే మందు కొట్టించడం ఒక దారి. పట్టును జాగ్రత్తగా కోసి చట్రానికి కట్టి, రాణితో సహా పెట్టెలోకి మార్చడం మేలైన దారి.

తెలుగు నేల మీద పురుగుమందులతో పోరు చేలలో జరిగింది. ఖమ్మం ప్రాంతంలోని పునుకుల గ్రామం 2000 దశకం తొలినాళ్ళలో పురుగుమందులు మాని, వేప కషాయాలకు మళ్ళింది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని విస్తరించింది. చేలకు తేనెటీగ అవసరం: పొద్దుతిరుగుడు గింజ బాగా కట్టడానికి అది ఎంతో తోడ్పడుతుంది. వేప మందు కూడా పిల్ల పురుగులకు చేటు చేయగలదు కనుక, పూత మీదున్న పంటకు ఏ మందైనా సాయంత్రం ఈగలు పట్టుకు చేరాకే చల్లాలి.