పసికందు ఛాతీలోకి కెమెరా

గర్భంలో బిడ్డ రూపుదిద్దుకునే తొలి నెలల్లోనే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర, డయాఫ్రం, పూర్తిగా మూసుకోవాలి. సుమారు మూడువేల మంది శిశువుల్లో ఒకరికి అది మూసుకోక కంత మిగిలిపోతుంది. పేగులు, ఒక్కోసారి కాలేయం కూడా ఆ కంతలోంచి ఛాతీలోకి చేరి ఊపిరితిత్తులను ఎదగనివ్వవు. 1848లో శరీరశాస్త్రవేత్త బొఖ్‌డాలెక్ వెనుకవైపు ఏర్పడే ఈ లోపాన్ని వర్ణించాడు. బొఖ్‌డాలెక్ హెర్నియా అని ఆయన పేరే దానికి నిలిచింది.

పుట్టి 24 గంటలు నిండని శిశువుకు ఆపరేషన్ చేసి బతికించినట్టు 1946లో బోస్టన్ సర్జన్ రాబర్ట్ గ్రాస్ వెల్లడించాడు. ఆ తర్వాత దశాబ్దాలపాటు వైద్యులది ఒకటే తొందర: బిడ్డ పుట్టగానే పేగులు కిందికి దించి కంత కుట్టెయ్యాలి. కుట్టినా చాలామంది పిల్లలు దక్కలేదు. ఎదగని ఊపిరితిత్తులూ, వాటి రక్తనాళాల్లో పెరిగే ఒత్తిడీ అసలు ప్రమాదమని 1980లలో గానీ గట్టిగా అర్థం కాలేదు. అప్పటినుంచి ముందు శ్వాసనూ రక్తప్రసరణనూ నిలకడకు తెచ్చి, ఆ తర్వాతే ఆపరేషన్ చేయసాగారు. ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన మలుపు ఇదే.

చిన్న రంధ్రాల గుండా కెమెరా, పరికరాలు పంపి చేసే కీహోల్ పద్ధతి ఆ తర్వాత వచ్చింది. నెదర్లాండ్స్‌కు చెందిన సర్జన్లు వాన్ డెర్ జీ, బాక్స్ ఆరు నెలల శిశువుకు లాపరోస్కోపీతో, అంటే పొట్టలోకి కెమెరా పంపి, కంత మూసిన తీరును 1995లో ప్రచురించారు. పొట్ట వైపునుంచి వెళితే ఒక చిక్కుంది: పసివాడి ఇరుకైన పొట్టలోకి దించిన పేగులే సర్జన్ చేతికి అడ్డుపడతాయి. అందుకే నవజాత శిశువుల విషయంలో చాలామంది ఛాతీ దారి పట్టారు. అక్కడ స్వల్ప ఒత్తిడితో నింపే కార్బన్ డయాక్సైడే పేగులను కిందికి నెడుతుంది. మూడు మిల్లీమీటర్ల పరికరాలతో కుట్లు వేస్తారు. కంత పెద్దదైతే గోర్‌టెక్స్ అనే కృత్రిమ పదార్థపు అతుకు పెడతారు.

మచ్చ చిన్నది, నొప్పి తక్కువ. అయితే ఛాతీలో నింపే ఆ వాయువు రక్తంలోకీ చేరుతుంది. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి వైద్యులు 2013లో ప్రచురించిన చిన్న పరీక్షలో, ఛాతీ కీహోల్ ఆపరేషన్ వేళ ఈ శిశువుల రక్తంలో కార్బన్ డయాక్సైడూ ఆమ్లతా తీవ్రంగా పెరిగాయి. కోత ఆపరేషన్‌తో పోలిస్తే హెర్నియా తిరగబెట్టడం కూడా ఎక్కువేనని పలు అధ్యయనాలు తేల్చాయి. కాబట్టి కంత చిన్నదై, శ్వాస నిలకడగా ఉన్న బిడ్డకే ఈ పద్ధతి నప్పుతుంది. మిగతా వారికి పెద్ద కోతే క్షేమం.

గర్భంలోని బిడ్డ అవయవాలను పరిశీలించే టిఫా స్కాన్‌లో ఈ లోపం బయటపడితే తల్లిదండ్రులు కోత సైజు గురించి తర్వాత ఆలోచించవచ్చు. నవజాత శిశు ఐసీయూ, పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రిలోనే కాన్పు జరిగేలా ముందు ఏర్పాటు చేసుకోవాలి.