పాట దగ్గర కాదు, సర్టిఫికెట్ దగ్గర

కాలేజీ పిల్లలకు పాటతో, నాటికతో సువార్త చెప్పడం కొత్త పద్ధతి అంటున్నరు. మన గడ్డ మీద అది పాతదే. ఇవ్వాళ మహబూబాబాద్ జిల్లాలో ఉన్న డోర్నకల్‌కు 1912లో బిషప్పైన అజరయ్య అంతకు ముందు వై.ఎం.సి.ఎ.లో యువకుల మధ్య పనిచేసినవాడే. ఆయన డయోసిస్‌లో మాల మాదిగ పల్లెలు క్రీస్తు కథను పాటగా పాడుకున్నయి. 1954లో పుట్టిన యు.ఇ.ఎస్.ఐ. కాలేజీలనే పట్టుకున్నది.

జనగామలోనైనా భూపాలపల్లిలోనైనా హాస్టల్‌లో ఉండే దళిత పిల్లగాడికి అసలు చిక్కు పాట దగ్గర కాదు, తహసీల్దారు ఆఫీసులో. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివాళ్లను ఎస్సీ జాబితాలోంచి తీసేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలుపుకున్నరు. క్రైస్తవ దళితుడు మాత్రం బయటనే. అతనికి దక్కింది బీసీ-సి, ఒక్క శాతం. అందుకే చాలామంది చర్చిలో ఒక పేరుతో, కాగితం మీద ఇంకో పేరుతో బతుకుతున్నరు. పిల్లలను పిలిచేవాళ్లు ఈ సంగతి ముందుగా చెప్తున్నరా అని మేం అడుగుతున్నం.