అగాధ శబ్దము: రేవు నుండి గ్రంథములకు

యానాములోని అగ్రహారము గౌతమీ గోదావరికి దూరమైన ఊరు కాదు. ఏటి దాపున నివసించువారికి నీటిలోతు కొలుచుటకు శరీరమే కొలబద్ద. మోకాలిలోతు, మొలలోతు, పీకలలోతు, నిలువులోతు అనునవి అట్టి మాటలు. ఈ కొలత ముగిసినచోట ‘అగాధము’ మొదలగును.

సంస్కృతమున ‘గాధ్’ ధాతువునకు నిలదొక్కుకొనుట యని యర్థము. కాలు ఆనెడి నీరు, నడచి దాటదగిన రేవు గాధము, కానిది అగాధము. అమరకోశము వారివర్గమున దీనికి ‘అడుగు తాకనిది’ అని యర్థము చెప్పినదే కాని, ‘అడుగు లేనిది’ అని చెప్పలేదు. ఆ వెంటనే కైవర్తుడు, దాశుడు, ధీవరుడు అను జాలరుల పేర్లు వచ్చుట గమనింపదగినది. కాలికందనిచోట పడవవాని యవసరము కలుగును గదా! కోటచుట్టు నుండు ‘అగడ్త’ వినుటకు దీనిని పోలియున్నను దీనికి చుట్టము కాదు. త్రవ్వుట యను నర్థముగల ద్రావిడ ధాతువునుండి పుట్టినది. తమిళమున ‘అగళి’ దాని తోబుట్టువు.

గ్రీకు భాషలోని ‘అబిస్సోస్’ అను పదమునకు మాత్రము అడుగు లేనిదనియే యర్థము. తెలుగు బైబిలు అనువాదమున, ప్రకటన గ్రంథములోని ఆ పదమునకు అగాధమనియే వాడిరి. లూకా సువార్తలో ధనికునికిని లాజరునకును నడుమనున్న ‘ఖాస్మా’, అనగా చీలిక, అదియు అగాధమే యైనది. ధనికులకు పేదలకు నడుమ అగాధమున్నదని నేడు పత్రికలు వ్రాయునపుడు స్ఫురించునది ఈ చీలికయే. అందు నీరును లేదు, పడవయు లేదు.

కాని నీటిలోతు శాశ్వతము కాదని ఈ తీరమునకు తెలియును. ఒకప్పుడు ఓడలతో నిండిన కోరంగి రేవు ఒండ్రు పేరుకొని క్షీణించెను. 1839 నాటి ఉప్పెన దానిని ధ్వంసము చేసెను. ఎల్లలును అట్టివే. ఫ్రెంచివారు 1723లో యానామున వర్తకస్థానము నెలకొల్పిరి. నడుమనడుమ ఆంగ్లేయులు ఆక్రమించినను వారి పాలన 1954 వరకు నిలిచెను. నేడు యానాము పుదుచ్చేరిలో భాగము. దాని చుట్టును ఆంధ్రప్రదేశము. ప్రభుత్వములు వేరైనను ఎల్లకు ఇరువైపుల నున్నది ఒక్క తెలుగే.

కావున బాలురకు అగాధమనగా అడుగు లేని గొయ్యియని మాత్రమే నేర్పుట చాలదు. ఆ యర్థమున దాటుటకు ఆశ లేదు. కాలికందని నీరను తొలి యర్థము తెలిసినవాడు ఒడ్డున నిరాశతో నిలువడు; పడవను పిలుచును.